‘నీకెందుకమ్మా ఈ దుమ్ములో’ అన్నవాళ్ళ దగ్గరే ముందు జాగ్రత్తగా ఉండాలి

ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) చదివి, ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ ట్రైనీగా చేరి 7 నెలలైంది. తనతో చేరిన ఇద్దరు అబ్బాయిలను మొదటి నెలలోనే షిఫ్టుల్లో వేశారు. తనను మాత్రం ఆఫీసులో కూర్చోబెట్టి స్పేర్ల ఇండెంట్లు (విడిభాగాలు కావాలని స్టోర్‌కి రాసే చీటీలు), ఎక్సెల్ షీట్లు, ఆడిట్ ఫైళ్ళు చూడమన్నారు. అడిగితే ‘నీకెందుకమ్మా ఆ దుమ్ములో, నూనెలో’ అంటున్నారు. ఇంట్లో నాన్నగారేమో ‘ఎటూ కంప్యూటర్ ముందే కూర్చుంటున్నావు కదా, ఆ కూర్చునేదేదో హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ నేర్చుకుని కూర్చో’ అంటున్నారు. ఉండాలా, మానెయ్యాలా? ఉంటే ఏం చెయ్యాలి?

నేను 1998 నుంచి ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో ఉన్నాను. విశాఖపట్నం వైపు ఒక పెద్ద ప్లాంటులో మొదలుపెట్టాను. నేను చేరిన రోజున మా సెక్షన్‌లో 60 మంది పైనే ఉన్నారు, అందులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి ఏడాదిని ఎవరో రాసినట్టుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట. నిన్ను ఆఫీసులో కూర్చోబెట్టిన ఆ మేనేజర్ చెడ్డవాడు అయ్యుండకపోవచ్చు. మా మేనేజర్ గారు నిజంగా మంచి మనిషి. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఎండ ఎక్కువగా ఉంటే ‘నువ్వు రావద్దమ్మా’ అనేవారు. కేబుల్ ట్రెంచ్‌లోకి దిగబోతే ఎవరో ఒకరు అడ్డొచ్చి ‘మేం చూస్తాం లెండి మేడం’ అనేవాళ్ళు. మొదట్లో నాకు అదంతా గౌరవంగానే అనిపించింది. ఏడాది తిరిగాక చూసుకుంటే, నాతో పాటు చేరిన అబ్బాయి, తేడా వస్తే కరెంటును తెగ్గొట్టే పెద్ద స్విచ్చయిన బ్రేకర్‌ని ప్యానెల్లోంచి బయటికి లాగి, కాంటాక్టులు శుభ్రం చేసి, మళ్ళీ లోపలికి తోసి, చార్జ్ చేసి ఇవ్వగలుగుతున్నాడు. నాకు మాత్రం ఆ బ్రేకర్ ఏ స్టోర్ కోడ్‌లో ఉంటుందో బాగా తెలుసు.

లెక్క వేసి చూడు. షిఫ్టులో ఉన్నవాడు నెలకు 4 బ్రేక్‌డౌన్లు చూసినా రెండేళ్ళకు వంద దాకా అవుతాయి. ఆ వందలో ఏది మోటార్ తప్పు, ఏది కేబుల్ తప్పు, ఏది రిలే (తేడా పసిగట్టి కరెంటు ఆపించే పరికరం) సెట్టింగ్ తప్పు అన్నది వాడి చేతికి తెలిసిపోతుంది. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు ఆ వంద ఉండవు. తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూలో ‘ఫీల్డ్ అనుభవం లేదు’ అని రాస్తారు. అప్పుడు రాసేవాళ్ళకూ అన్యాయం చేస్తున్నామని అనిపించదు, ఎందుకంటే కాగితం మీద అది నిజమే. మోటుగా మాట్లాడేవాడి నోరు ఏదో ఒకరోజు మూయించవచ్చు. జాలిపడి పని లాక్కునేవాళ్ళతోనే నాకు ఎక్కువ నష్టం జరిగింది. కాబట్టి నీ సమస్యకు నేను పెట్టే పేరు ఇదీ: నీకు రావలసిన చేతిపని గంటలు నీకు అందడం లేదు. వాటిని ఎలా తెచ్చుకోవాలన్నదే నువ్వు ఆలోచించాలి.

నా విషయంలో మలుపు తిరిగిన రోజు ఒకటి చెబుతాను. రెండో ఏడాది, ఆగస్టు. రాత్రంతా వాన. నేను అప్పటికి పోరాడి పోరాడి ఉదయం షిఫ్టు తెచ్చుకున్నాను, వయసు పైబడిన ఒక ఎలక్ట్రీషియన్ బాబాయ్‌తో డ్యూటీ. ఉదయం ఏడున్నరకు కూలింగ్ వాటర్ పంపు మోటార్ ట్రిప్ అయింది. 110 కిలోవాట్ల మోటార్. రిలే ఎర్త్ ఫాల్ట్, అంటే కరెంటు ఎక్కడో భూమిలోకి పోతోందని చూపిస్తోంది. ప్యానెల్ దగ్గర ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ వేస్తే ముల్లు సున్నా మీద నుంచి లేవలేదు, అంటే ఇన్సులేషన్ ఎక్కడో పోయింది. ప్రొడక్షన్ వాళ్ళు అప్పటికే వచ్చి నిలబడ్డారు. ‘మోటార్ కాలిపోయింది, దించెయ్యండి’ అని ఒకటే తొందర. దించడం అంటే కప్లింగ్ విప్పాలి, చైన్‌పుల్లీ కట్టాలి, స్టాండ్‌బై మోటార్ ఎక్కించాలి, అలైన్‌మెంట్ చూసుకోవాలి. సాయంత్రం దాకా పని.

బాబాయ్ నా వైపు తిరిగి ‘ఏం చేద్దాం మేడం?’ అన్నారు. ఆయనకు తెలియక అడగలేదు. నా నోటితో చెప్పించాలని అడిగారు. నేను సప్లై ఐసొలేట్ చేసి, ఎవరూ మళ్ళీ స్విచ్ వెయ్యకుండా నా తాళం నేనే వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, పర్మిట్ రాయించుకుని మోటార్ దగ్గరికి వెళ్ళాను. టెర్మినల్ బాక్స్ విప్పి కేబుల్‌ని మోటార్ నుంచి విడదీశాం. రెండింటికీ విడివిడిగా మెగ్గర్ వేశాం. మోటార్ 200 మెగోమ్‌ల పైన చూపించింది. సున్నా అంతా కేబుల్‌దే. టార్చి పెట్టి చూస్తే, కేబుల్ బాక్స్‌లోకి దూరే చోట బిగించే గ్లాండ్ దగ్గర ఒక కోర్ ఇన్సులేషన్ ఒరుసుకుపోయి, లోపలి తీగ కేబుల్ చుట్టూ ఉండే ఇనుప కవచమైన ఆర్మర్‌కి ఆనుకుని ఉంది. వాన నీళ్ళు ఆ సందులోకి దిగాయి. అదృష్టం కొద్దీ కేబుల్ వేసినప్పుడు ఎవరో ఒక చుట్టు అదనంగా వదిలారు. పాడైన ముక్క కోసేసి, ఆరబెట్టి, కొత్త లగ్గులు నొక్కి, మళ్ళీ మెగ్గర్ చూసి, డిశ్చార్జ్ చేసి, కలిపేశాం. పదిన్నరకు పంపు తిరిగింది.

అందులో గొప్ప విద్య ఏమీ లేదు. పుస్తకంలో ఉన్నదే. కానీ టెర్మినల్ బాక్స్ మూత నా చేత్తో తీసి, ఆ ఒరుసుకుపోయిన చోట వేలు పెట్టి చూపించాను కాబట్టి, ఆ తర్వాత ప్రొడక్షన్ నుంచి ఫోన్ వస్తే ‘ఆ అమ్మాయి షిఫ్టులో ఉందా’ అని అడిగేవాళ్ళు. అంతకు ముందు ఏడాది నేను కట్టిన ఆడిట్ ఫైళ్ళు 40 పైనే ఉంటాయి. వాటిని చూసి ఎవరూ నన్ను ఫలానా అని గుర్తుపట్టలేదు.

అందుకని నువ్వు చెయ్యవలసిన మొదటి పని, అడిగే తీరు మార్చుకోవడం. ‘సార్, నన్ను కూడా షిఫ్టులో వెయ్యండి’ అంటే ‘చూద్దాంలే’ అంటారు, ఆ చూడడం ఎప్పటికీ రాదు. దానికి బదులు ఒక చిన్న, స్పష్టమైన బాధ్యత అడుగు. ఫలానా పంప్‌హౌస్‌లో ఉన్న 6 మోటార్ల ప్రివెంటివ్ మెయింటెనెన్స్ (పాడవకముందే చేసే తనిఖీ, సర్వీసు) 3 నెలల పాటు నా పేరు మీద పెట్టండి, వారానికి 3 రోజులు ఫీల్డ్‌లో ఉంటాను, ఆఫీసు పని మిగతా రోజుల్లో పూర్తి చేస్తాను అని. నోటితో అడిగి, అదే రోజు మెయిల్ కూడా పెట్టు. ట్రైనీలకు ఒక ట్రైనింగ్ షెడ్యూల్ ఉంటుంది. హెచ్‌ఆర్ దగ్గర అడిగి తీసుకో. అందులో ఏ నెలలో ఏ సెక్షన్ అని రాసి ఉంటే, నీ మెయిల్‌లో దాన్ని ప్రస్తావించు. గొడవగా రాయొద్దు. ‘షెడ్యూల్ ప్రకారం నాకు ఈ భాగం మిగిలి ఉంది’ అని రాస్తే చాలు.

రెండోది ఒక నోట్‌బుక్. సెల్‌లో కాదు, నూనె చేత్తో రాసినా పరవాలేని మామూలు లాంగ్‌బుక్. తారీఖు, ఏ మోటార్, ఏం లక్షణం, ఏ రీడింగ్, అసలు కారణం ఏమిటి, ఏం చేశాం, ఎంతసేపు పట్టింది. నా దగ్గర అలాంటివి 11 ఉన్నాయి. అప్రైజల్‌లో ‘ఫీల్డ్ ఎక్స్‌పోజర్ తక్కువ’ అని ఒకసారి ఒకాయన రాయబోతే నేను బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టాను. ఆయన ఆ మాట రాయలేదు.

మూడోది, నీ పేరు మీద ఉండే కాగితాలు. ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్ ఒకటి, బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే ఎనర్జీ మేనేజర్, ఆడిటర్ పరీక్ష ఇంకొకటి. కంపెనీ మారినా, మధ్యలో విరామం వచ్చినా ఇవి నీతో వస్తాయి. వీటికి అనుభవం కావాలి, ఆ అనుభవ పత్రం మీద ఏ పని చేశావో రాసి ఇవ్వమని ఇప్పటి నుంచే అడుగుతూ ఉండు.

‘ఆడవాళ్ళకు బలం సరిపోదు’ అన్న మాట నీకూ వినపడే ఉంటుంది. నేను చెప్పిన ఆ 110 కిలోవాట్ల మోటార్ బరువు ముప్పావు టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని ఏ మగాడూ చేతులతో ఎత్తడు, చైన్‌పుల్లీ ఎత్తుతుంది. బిగుసుకుపోయిన బోల్టుకు పొడవైన పిడి ఉన్న స్పానర్ వేస్తారు, లేదా పైపు తొడుగుతారు. ఎక్కడ పట్టుకోవాలి, ఎటు నిలబడాలి అన్నది నేర్చుకోవాలి. ఇది మీ దగ్గర పాత ఫిట్టర్లు నేర్పుతారు, అడిగితే.

అడగడం గురించి కూడా చెప్పాలి. డిగ్రీ ఉంది కదా అని తెలియనిది తెలిసినట్టు నటించకు. మగ ట్రైనీ నటిస్తే రెండు రోజుల్లో మరిచిపోతారు, నువ్వు నటిస్తే పదేళ్ళు చెప్పుకుంటారు. ఇది న్యాయం కాదు, కానీ జరిగేది ఇదే. ‘ఇది నాకు తెలియదు బాబాయ్, ఒకసారి చూపించండి, రెండోసారి నేను చేస్తాను’ అను. ఆ రెండో ముక్క తప్పకుండా అనాలి. చూసి వచ్చేస్తే మళ్ళీ ఆఫీసు కుర్చీయే. పాత టెక్నీషియన్లు చాలామంది ఎవరికైనా నేర్పాలనే ఉంటారు, వాళ్ళను అడిగేవాళ్ళు దొరకరు. నాకు రిలే సెట్టింగులు నేర్పింది ఇంజనీర్లు కాదు, ఐటీఐ చదివిన ఆ బాబాయే.

ఇప్పుడు ఎవరూ బయటికి చెప్పని విషయాలు. టాయిలెట్. మా సెక్షన్ నుంచి ఆడవాళ్ళ టాయిలెట్ అడ్మిన్ బిల్డింగ్‌లో, నడిస్తే 15 నిమిషాలు. అందుకని నేను ఉదయం నుంచి నీళ్ళు తాగడం మానేశాను. మూడేళ్ళలో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్, ఒకసారి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. ఆ తప్పు నువ్వు చెయ్యొద్దు. ఆడవాళ్ళకు వేరుగా, అందుబాటులో టాయిలెట్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచే ఉంది. సిగ్గుపడకుండా సేఫ్టీ కమిటీ మీటింగ్‌లో పాయింటుగా పెట్టించు. ‘మహిళల సౌకర్యం’ అని పెడితే పక్కకు పోతుంది, ‘డ్యూటీ మధ్యలో అరగంట పోతోంది’ అని పెడితే రాసుకుంటారు. మా దగ్గర చివరికి పంప్‌హౌస్ పక్కన ఒక గది కట్టించింది ఈ అరగంట లెక్కే.

గ్లౌజులు. స్టోర్‌లో ఉండే రబ్బరు గ్లౌజులన్నీ పెద్ద చేతుల సైజే. వదులుగా ఉన్న గ్లౌజుతో టెర్మినల్ నట్టు పట్టుకుంటే జారుతుంది. జారిన స్పానర్ లైవ్ ప్యానెల్లో పడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. నీ అరచేయి చుట్టుకొలత టేపుతో కొలిచి, ఆ సైజు రాసి ఇండెంట్ పెట్టు. ఇండెంట్లు ఎలాగూ నువ్వే రాస్తున్నావు కదా. సేఫ్టీ షూ, హెల్మెట్ లోపలి పట్టీ, ఎత్తులో పని చేసేటప్పుడు వేసుకునే హార్నెస్ కూడా అంతే. షూ పెద్దదైతే లోపల రెండు జతల సాక్స్ వేసుకుని సర్దుకోమంటారు. సర్దుకోవద్దు. నిచ్చెన మీద పాదం లోపల జరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

సర్దుకోకుండా అడిగినవాళ్ళ వల్లే మనకు ఈ దారి ఉంది. ఎ. లలిత గారి గురించి విన్నావా? అయ్యలసోమయాజుల లలిత, మద్రాసులోని తెలుగు కుటుంబం. 15 ఏళ్ళకు పెళ్ళి, 18 ఏళ్ళకు చేతిలో 4 నెలల పాపతో భర్తను పోగొట్టుకున్నారు. ఆమె నాన్నగారు పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన ప్రిన్సిపాల్‌తో మాట్లాడితే 1940లో ఆమెను చేర్చుకున్నారు. మన దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీ అందుకున్న మొదటి స్త్రీలలో ఒకరు, ఎలక్ట్రికల్‌లో మొదటివారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేసి, భాక్రానంగల్ ప్రాజెక్టు పనుల్లో పాలు పంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళారు.

అందరూ చెప్పేది ఆమె ధైర్యం గురించే. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. హాస్టల్‌లో ఆమె ఒక్కతే ఉండిపోకుండా కాలేజీ ఇంకా ఇద్దరు అమ్మాయిలను సివిల్‌లో చేర్చుకుంది, పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్. ఆ త్రేసియా గారు తర్వాత కేరళలో చీఫ్ ఇంజనీర్ అయ్యారు, దేశంలో ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ. చదువు సులువు చెయ్యలేదు, పరీక్ష తగ్గించలేదు, పక్కన తోడు ఉండేలా చూశారు. సాయం అంటే నాకు అలాంటిదే గుర్తొస్తుంది.

మొన్నమొన్నటి ఉదాహరణ కూడా ఒకటి ఉంది. తెలంగాణలో 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్ళను అనుమతించకపోతే కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు అనుమతి ఇచ్చింది. రాతపరీక్ష తర్వాత స్తంభం ఎక్కే పరీక్ష. సిద్దిపేట జిల్లా నుంచి వచ్చిన శిరీష ఆ స్తంభం ఎక్కి ఉద్యోగం తెచ్చుకుంది. స్తంభం పరీక్ష నుంచి మినహాయింపు కావాలని వాళ్ళు అడగలేదు. స్తంభం దగ్గరికి రానివ్వమని అడిగారు. నీ మెయిల్‌లో ఉండవలసిన స్వరం కూడా అదే.

నైట్ షిఫ్టు గురించి నీకు చట్టం తెలిసి ఉండాలి, ఎందుకంటే చట్టం పేరు చెప్పే చాలామంది ఆపుతారు. నేను చేరినప్పుడు ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపే పని చెయ్యాలి. 2000లో మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధన చెల్లదన్నాయి. ఇప్పుడు 2020 నాటి వృత్తిపరమైన భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం ఆడవాళ్ళు అన్ని రకాల పనులూ చెయ్యవచ్చు, రాత్రి 7 తర్వాతా, ఉదయం 6 లోపూ చెయ్యాలంటే వాళ్ళ సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లు యజమాని చెయ్యాలి. 2025 నవంబర్ 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. కాబట్టి ‘రూల్స్ ఒప్పుకోవమ్మా’ అంటే, ఏ రూలో చూపించమని మర్యాదగా అడుగు. సమ్మతి అనేది నీ చేతిలో ఉంది, దాన్ని బలవంతంగా రాయించుకోవడమూ కుదరదు. సంతకం పెట్టేముందు బస్సు ఏ రూట్లో వస్తుంది, ఇంటి గుమ్మం దాకా దింపుతుందా, రాత్రి షిఫ్టులో ఇంకో ఆడమనిషి ఉంటుందా అన్నవి తేల్చుకో.

వేధింపుల విషయం నువ్వు అడగలేదు. అయినా చెప్పకుండా ఉండలేను. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు, బయటి నుంచి ఒకరు. ట్రైనీలకూ, కాంట్రాక్టు వాళ్ళకూ ఇది వర్తిస్తుంది. 10 మంది కంటే తక్కువ ఉన్న చోటైతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళవచ్చు. జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. మీ ప్లాంటులో ఆ కమిటీ పేర్లు ఏ నోటీసు బోర్డు మీద ఉన్నాయో రేపే చూసి రా. అవసరం పడ్డ రోజున వెతుక్కోవడం చాలా కష్టం. ఏదైనా జరిగితే అదే రోజు తారీఖు, సమయం, అన్న మాటలు యథాతథంగా రాసి పెట్టుకో. నేను ఒక జూనియర్ అమ్మాయికి తోడుగా ఆ కమిటీ ముందు కూర్చున్నాను. ఆ అమ్మాయి డైరీలో రాసుకున్న మూడు తారీఖులే కేసును నిలబెట్టాయి.

ఇక ఇది చదివే సూపర్‌వైజర్లు, మేనేజర్లు ఉంటే వాళ్ళతో కాసేపు. నా సొంత అనుభవంతో మొదలుపెడతాను. మా బాబు పుట్టాక సెలవు ముగించుకుని వెళ్ళేసరికి నా కుర్చీ ప్లానింగ్‌కి మారి ఉంది. నన్ను అడగలేదు. ‘చిన్నపిల్లవాడు ఉన్నాడు కదా, నీకు సౌకర్యంగా ఉంటుందని’ అన్నారు. ఆ సౌకర్యం 3 ఏళ్ళు సాగింది. నాలుగో ఏడు సెక్షన్ ఇన్‌చార్జి పోస్టు వచ్చినప్పుడు, గత 3 ఏళ్ళుగా షిఫ్టు అనుభవం లేదు కాబట్టి నా పేరు జాబితాలో లేదన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి వంటగదిలో నిలబడి చాలాసేపు ఏడ్చాను. కోపం ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు, అందరూ నా మంచి కోరినవాళ్ళే. మా అత్తగారు పిల్లవాణ్ణి చూసుకుంటానని మొదటి నెలలోనే అన్నారు. ఆ సంగతి ఆఫీసులో ఎవరూ నన్ను అడగలేదు.

అందుకని నేను కోరేది, దయచేసి అడగండి. సెలవు నుంచి వచ్చిన అమ్మాయిని ‘ఏ డ్యూటీ కావాలి, ఎప్పటి నుంచి కావాలి’ అని అడిగి, ఆమె చెప్పింది రాసుకోండి. తేలిక పని కావాలంటే ఇవ్వండి, కానీ ఎన్ని నెలలకో తారీఖు వేసి ఇవ్వండి, ఆ తారీఖున తిరిగి ఫీల్డ్‌లోకి పంపండి. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు చట్టం ఇచ్చింది, 50 మంది ఉన్న చోట క్రెష్ ఉండాలంది. క్రెష్ అంటే నోటీసు బోర్డు మీద పేరు కాకుండా, గేటు దగ్గర ఒక ఆయా, ఉయ్యాల, తాళం తీసి ఉండే గది కావాలి.

కొత్తగా ఇద్దరు అమ్మాయిలు చేరితే చెరొక డిపార్ట్‌మెంటుకు పంపకండి. ‘అన్ని సెక్షన్లలోనూ ఒక్కొక్కరు’ అని లెక్కకు బాగుంటుంది, కానీ ఆ ఒక్కొక్కరూ ఒంటరిగా మిగులుతారు. ఇద్దరినీ ఒకే షిఫ్టులో వెయ్యండి. అబ్బాయిలకు ఇచ్చిన పనే, అదే వరసలో ఇవ్వండి. తప్పు చేస్తే అబ్బాయిని ఎలా మందలిస్తారో అలాగే మందలించండి. నన్ను ఎవరూ కేకలేసేవాళ్ళు కాదు, నా తప్పును నా వెనకాల వేరేవాళ్ళతో సరిచేయించేవాళ్ళు. ఒక రిలే సెట్టింగులో నేను చేసిన పొరపాటు నాకు 8 నెలల తర్వాత తెలిసింది. అప్పుడే మొహం మీద చెప్పి ఉంటే ఎంత మేలు చేసినవాళ్ళయ్యేవాళ్ళు!

మీ నాన్నగారి మాట మిగిలింది. సాఫ్ట్‌వేర్ చెడ్డదని నేను అనను. మా సెక్షన్‌లోనే పీఎల్‌సీ, స్కాడా (యంత్రాలను నడిపే, వాటి మీద కన్నేసి ఉంచే) ప్రోగ్రాములు రాసేవాళ్ళకు మంచి గిరాకీ, నువ్వూ అది నేర్చుకో, మోటార్ తెలిసి ప్రోగ్రాము రాసేవాళ్ళు తక్కువ. నీకు నిజంగా కోడింగ్ ఇష్టమైతే వెళ్ళు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. కానీ ఇక్కడ పని ఇవ్వలేదన్న బాధతో వెళ్తే, అక్కడా ఎవరో ఒకరు నీకు టెస్టింగ్ చాలమ్మా, డాక్యుమెంట్లు చాలమ్మా అంటారు. ఆ మాటకు జవాబు ఇక్కడే నేర్చుకుని వెళ్ళు.

మా నాన్నగారూ మొదట ఒప్పుకోలేదు. ఆయనకు కనిపించింది చీకటి, లారీలు, మగవాళ్ళు. ఫ్యామిలీ డే రోజు ప్లాంటుకు తీసుకెళ్ళాను. డ్యూటీ బస్సు ఎక్కించాను, క్యాంటీన్‌లో ఉప్మా తినిపించాను, బాబాయ్‌ని పరిచయం చేశాను. వాళ్ళిద్దరూ గంటసేపు పొలాల గురించి మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు నాన్న స్విచ్‌యార్డ్ కంచె దగ్గర ఆగి, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మోత విని, ‘ఇది ఎప్పుడూ ఇలాగే మోగుతుందా, మోత మారితే నీకు తెలుస్తుందా’ అని అడిగారు. తెలుస్తుందన్నాను. అప్పటి నుంచి షిఫ్టు వద్దని ఆయన నోట రాలేదు. మీ నాన్నగారికి వాదనలు వినిపించడం ఆపి, ఒక ఆదివారం చూపించు.

ఇక ఇప్పుడు చెయ్యవలసింది. ఈ రెండు రోజుల్లో ట్రైనింగ్ షెడ్యూల్ తెచ్చుకో. సోమవారం మేనేజర్ గారిని ఉదయం మీటింగ్ అయ్యాక, పక్కన ఎవరూ లేనప్పుడు కలువు. ఆ 6 మోటార్ల మాట అడుగు, సాయంత్రం మెయిల్ పెట్టు. రెండు వారాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కి జవాబుగా ఇంకొకటి పెట్టి, హెచ్‌ఆర్‌లో ట్రైనింగ్ చూసేవాళ్ళను కాపీలో ఉంచు. ఆయన ఏమన్నారో వచ్చి చెప్పు. మోటార్లు ఇస్తే ఒక్కోటి ఎన్ని కిలోవాట్లు, ఎన్నేళ్ళ పాతది, చివరిసారి ఎప్పుడు రీవైండ్ అయింది, బేరింగులకు గ్రీజు ఎప్పుడు పెట్టారు, ఇవి నేమ్‌ప్లేట్ మీదా, హిస్టరీ కార్డులోనూ చూసి రాయి. మొదట ఏ మోటార్ మూత విప్పాలో అవి చూసి చెబుతాను.